టీకి ఎన్ని సంతోషీలు?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రిక మా పర్లాకిమిడికి పాతపట్నం మీదుగా బస్సులో వస్తుంది. ఏడింటికే అందే రోజులున్నాయి, తొమ్మిది దాటినా రాని రోజులూ ఉన్నాయి. ఒడిశాలో ఉంటూ తెలుగు పేపరు చదవాలనుకుంటే ఆ మాత్రం ఓపిక ఉండాలి లెండి. నలభై ఏళ్ళుగా చందాదారుణ్ణి, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. రాయించింది మీ వ్యాపారం పేజీలోని సున్నాలు.

బిట్‌కాయిన్ అనే కంప్యూటరు డబ్బు గురించి రాస్తూ '0.00045 బిట్‌కాయిన్' అని వేస్తారు. చుక్క తరవాత సున్నాలు మూడో నాలుగో తెలియాలంటే నేను కళ్ళజోడు తుడుచుకుని, అక్షరాల కింద వేలు పెట్టి చదవాలి. ఒక్క సున్నా ఎక్కువ చదివితే విలువ పదో వంతుకు పడిపోతుంది, ఒకటి తక్కువ చదివితే పదింతలవుతుంది. కిరాణా కొట్టులో ఇలా చీటీ రాసే గుమాస్తా ఉంటే వాణ్ణి మర్నాడు పనిలోకి రావద్దంటాం.

నా సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న ఇక్కడి బజారులో తెరిచిన కిరాణా కొట్టును నేను యాభై ఏళ్ళు నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నాకు డెబ్బై ఆరేళ్ళు. బిట్‌కాయిన్ కొనలేదు, కొనను కూడా. కొనమని ఎవరికీ చెప్పను. దాని లాభం మీద 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను ఉంది. నష్టం వస్తే ఇంకో ఆదాయంలో సర్దుకోనివ్వరు. దాని మంచిచెడ్డలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నాకు తెలిసిందల్లా తూకాల పేర్లు, నాణేల పేర్లు జనం నోట్లో ఎలా పడతాయో, ఎలా రాలిపోతాయో. అది మాత్రం కళ్ళారా చూశాను.

ముందు మా ఎదురు కొట్టు టైలరు సంగతి. వాళ్ళబ్బాయి బెంగళూరులో పనిచేస్తున్నాడు. 2024 డిసెంబరులో బిట్‌కాయిన్ ధర లక్ష డాలర్లు దాటినప్పుడు, మన డబ్బులో సుమారు 85 లక్షలు ఉన్నప్పుడు, ఆ కుర్రాడు ముచ్చటపడి పది వేలు పెట్టి కొన్నాడు. ఫోనులో కనిపించింది తండ్రికి ఫొటో తీసి పంపాడు. టైలరు ఆ ఫోను పట్టుకుని రోడ్డు దాటి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏటండీ షావుకారు గారూ, పది వేలెట్టినాడు, ఒక్కటి కూడా రాలేదు! సున్నా చుక్క సున్నా సున్నా ఒకటి ఒకటి ఎనిమిది అంట. మావోడు మోసపోనాడేటి?"

మోసం కాదు. 85 లక్షల వస్తువులో పది వేల వాటా అంతే వస్తుంది. కానీ ఆయన కంటికి కనిపిస్తున్నది సున్నా. పది వేలు పోసినవాడికి సున్నాతో మొదలయ్యే అంకె చూపిస్తే గుండె గుభేలుమనదా మరి. నేను పొట్లాల కాగితం చింపి వెనకవైపు లెక్క వేశాను. ఒక బిట్‌కాయిన్‌ని పది కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క పేరు సతోషి. అంతకంటే చిన్నది బిట్‌కాయిన్ లెక్కలుండే ఖాతాపుస్తకంలో లేదు. ఆ డబ్బుకు రూపం ఇచ్చి 2008 అక్టోబరు 31న దాని గురించి కాగితం బయటపెట్టిన మనిషి సతోషీ నకమోటో పేరే దానికి పెట్టారు. అదీ మారుపేరే, ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఆ లెక్కన టైలరు కొడుకు దగ్గర ఉన్నవి 1,18,000 సతోషీలు.

"లచ్చా పద్దెనిమిది వేలా!" అన్నాడు. ఆ మొహం చూడాలి. సున్నా చూసి చచ్చిపోయినవాడు ఇప్పుడు పైకి లేచాడు. "అయితే మావోడు లచ్చాధికారేనన్నమాట."

అప్పుడు నాకు భయం వేసింది. సున్నా ఎంత అబద్ధం చెబుతోందో లక్ష కూడా అంతే అబద్ధం చెబుతోంది. అందుకని కాగితం కిందుగా ఇంకో గీత గీశాను. ఆ రోజు ధరకు ఒక సతోషి ఎనిమిదిన్నర పైసలు. మన బజారులో టీ పది రూపాయలు. అంటే టీకి 118 సతోషీలు. మీవాడి దగ్గర ఉన్నది వెయ్యి టీల డబ్బు, పెట్టిందీ వెయ్యి టీల డబ్బే. ఇది ఆయనకు వెంటనే అర్థమైంది. ఆ రోజు నుంచి ఆయన ధర అడిగే పద్ధతే మారిపోయింది. "ఇవాళ టీకి ఎన్ని సంతోషీలు?" అంటాడు. సతోషి ఆయన నోట్లో సంతోషి అయింది. మా ఆవిడకు కూడా అలాగే వినిపించింది. శుక్రవారం నోములో పులుపు తినకూడని ఆ సంతోషీ మాతకూ ఫోనులో డబ్బుకూ సంబంధం ఏమిటని అడిగింది. నేను దిద్దలేదు. వాడకంలో మాట అరగడం మంచిదే, ఒరిజినల్ జపాను మాటని ఇక్కడ ఎవరు పరీక్ష పెట్టబోతున్నారు?

ఇక నా చిన్నప్పటి సంగతి. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో నయా పైసలు వచ్చాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. (మా ఊరికి ఏప్రిల్ 1తో ఏదో ముడి ఉంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అందులోకి వెళ్ళిందీ ఆ రోజే. పైన చెప్పిన 30 శాతం పన్ను వచ్చిందీ ఆ తేదీనే.) అంతకుముందు రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానీలు. ఆ కానీనే పైసా అని కూడా అనేవారు. రూపాయిలో అరవై నాలుగో వంతు. కొత్త పైసా రూపాయిలో నూరో వంతు. పేరు ఒకటే, విలువ వేరు. గందరగోళం రాకుండా ప్రభుత్వం కొత్తదానికి ముందు 'నయా' అని తగిలించింది. ఏడేళ్ళు ఆ తోక ఉంచి, పాతవి జనం చేతుల్లోంచి పోయాక 1964 జూన్ 1న తీసేసింది. ఇంత తెలివైన పని ప్రభుత్వాలు తరచూ చెయ్యవు.

మా నాన్న కొట్టు గోడకు ఒక పట్టీ అంటించాడు. అణాకు 6 నయా పైసలు, బేడకు అంటే రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25. అసలు లెక్కకు అణా ఆరుంపావు పైసలు, బేడ పన్నెండున్నర. పావుకూ అరకూ నాణెం లేదు కాబట్టి అలా సర్దారు. మా వీధి పిల్లలం ఇందులో కిటుకు వారం రోజుల్లో పట్టేశాం. అణా బెల్లం నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24 పైసలు, ఒకేసారి పావలా బెల్లం కొంటే 25. అందుకని నలుగురం వరసగా వెళ్ళి అణా అణా బెల్లం అడిగేవాళ్ళం. నాలుగోసారికి మా నాన్న తక్కెడ పక్కన పెట్టి నా చెవి పట్టుకున్నాడు. కొట్టు మాదే, బెల్లమూ మాదే. అయినా ఆ ఒక్క పైసా మిగిలిందన్న ఆనందం వేరు.

తరవాత యాభై ఏళ్ళు గల్లాపెట్టె దగ్గర కూర్చుని గమనించింది ఏమిటంటే, అణా పోయింది, బేడ పోయింది, కానీ పోయింది. పావలా, అర్ధరూపాయి, ముప్పావలా మిగిలాయి. కారణం పెద్దదేం కాదు. కొత్త లెక్కలో పావలా సరిగ్గా 25కు కుదిరింది, బేడ పన్నెండున్నర దగ్గర చీలిపోయింది. చీలిపోయిన పేరును ఏ దుకాణదారూ మొయ్యడు. అణా ఇప్పుడు 'పదహారణాల తెలుగుపిల్ల' దగ్గరే దొరుకుతుంది, గల్లాపెట్టెలో దొరకదు. పావలా నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. అయినా పేరు చావలేదు. పక్క రాష్ట్రంలో పావలా వడ్డీ అని ఏకంగా ప్రభుత్వ పథకానికే పేరు పెట్టారు. మా బజారులో ఇవాళ్టికీ వడ్డీ అంటే నెలకు నూటికి ఎంత అనే. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని కాలేజీ పిల్లలకు విడమరచి చెప్పాలి గానీ కూరగాయలమ్మే అప్పలమ్మలకు అక్కర్లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే గవ్వలు. ఈ ఒడియా దేశంలో బ్రిటిషువాళ్ళు వచ్చేవరకు చిల్లర అంటే గవ్వలే. పన్నులు గవ్వల్లో కాదు, వెండి రూపాయల్లో కట్టమనడం ఖుర్దా వైపు 1817లో పైకాలనే సిపాయి రైతులు తిరగబడడానికి చెప్పుకునే కారణాల్లో ఒకటి. ఒక్కో గవ్వ విలువ దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఎవరూ ఒక్కొక్కటే లెక్కపెట్టలేదు. నాలుగు గవ్వలు గండా. ఇరవై గండాలు, అంటే ఎనభై గవ్వలు, పణం. పదహారు పణాలు కాహాణం, 1,280 గవ్వలు. నాలుగింటిని వాళ్ళు గండా అంటే మనం పుంజీ అంటాం. గవ్వలు పోయాక కూడా మా నాన్న కాలంలో ఒడియా రైతులు గడ్డి కట్టలు పణం లెక్కన అమ్మేవారు. నాకు తోచేదేమిటంటే సతోషి కూడా గవ్వే. విడిగా దాంతో ఏమీ కొనలేం. దానికి కావలసింది కుప్ప పేరు.

కుప్ప పేర్లకు ప్రయత్నాలు జరిగాయి. మిల్లీ, మైక్రో అని మొదలుపెట్టారు. వెయ్యో వంతు మిల్లీ, పది లక్షలో వంతు మైక్రో. ఈ మాటలు మందు సీసాల మీద ఉంటాయి, సంతలో ఉండవు. పైగా రెండూ మకారంతోనే మొదలవుతాయి. మా కొట్టు గుమాస్తా ఒకడు మినుములకూ మిరియాలకూ చీటీలో 'మి' అని ఒకే గుర్తు రాసి నాకు ఒక పండగ పాడుచేశాడు.

తరవాత 'బిట్' అన్నారు. నూరు సతోషీలు ఒక బిట్. 2017 డిసెంబరులో దాన్ని పద్ధతి ప్రకారం ప్రతిపాదనగా పెట్టారు. ఆలోచన మంచిదే. రూపాయికి నూరు పైసల్లాగే బిట్‌కు నూరు సతోషీలు, చుక్క తరవాత రెండే అంకెలు. పైన చెప్పిన ధరకు ఒక బిట్ ఎనిమిదిన్నర రూపాయలు. టీ కంటే కాస్త తక్కువ, చేతికి అందే పరిమాణం. అమెరికాలో పూర్వం డాలరులో ఎనిమిదో వంతును బిట్ అనేవారట, 'రెండు బిట్లు' అంటే వాళ్ళ పావలా. ఆ దేశానికి ఆ మాట అతుకుతుంది. మనకు అతకదు. మా మనవణ్ణి బిట్ అంటే ఏమిటని అడిగితే పరీక్షలో అర మార్కు ప్రశ్న అన్నాడు. వాడి అన్న పక్కనుంచి నవ్వాడు, వాడికి బిట్లంటే చొక్కా చేతిలో మడతపెట్టుకుని పోయే చీటీలు కాబోలు. మా అల్లుడు స్థలాల వ్యాపారి, అతనికి బిట్ అంటే రోడ్డు పక్క నేల ముక్క. "ఓ మంచి బిట్ ఉంది మావయ్యా" అని వారానికోసారి ఫోను చేస్తాడు. ఇన్ని అర్థాలున్న మాటను డబ్బుకు పెడితే "రెండు బిట్లు కొన్నాను" అన్నవాడు ధనవంతుడా, కాపీ కొట్టేవాడా అని అడగాల్సి వస్తుంది.

2025లో ఇంకో ప్రతిపాదన వచ్చింది. అదే నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది. సతోషి అనే పేరే వద్దు, ఆ చిన్న ముక్కనే ఇకమీదట 'బిట్‌కాయిన్' అందాం అని. వాళ్ళ వాదనలో పస లేకపోలేదు. లోపలి ఖాతాలో నిజానికి చుక్కలు లేవు, అన్నీ పూర్ణాంకాలే. చుక్క, సున్నాలు పైన మనకు చూపించడానికి పెట్టుకున్న వేషం. కాబట్టి వేషం తీసేద్దామంటారు. సరే. కానీ పైన చెప్పిన ధరకే చూస్తే, నిన్నటిదాకా ఒక బిట్‌కాయిన్ అంటే 85 లక్షలు, రేపట్నుంచి అదే మాటకు ఎనిమిదిన్నర పైసలు! పాత పుస్తకాలు, పాత పేపర్లు, కోర్టు కాగితాలు, ఎవరో రాసిపెట్టుకున్న వీలునామాలు... వాటిలో బిట్‌కాయిన్ అన్నచోటల్లా ఏది చదువుకోవాలి?

ఒక పేరుకు రెండు కొలతలుంటే ఏమవుతుందో మా ఇంట్లోనే జరిగింది. మా రెండో అమ్మాయిని కరీంనగరు వైపు ఇచ్చాం. పెళ్ళి మాటల్లో, అమ్మాయి పేర ఊరి చివర నాలుగు గుంటల స్థలం రాస్తానన్నాను. మా వియ్యంకుడు మర్యాదస్తుడు, సరే అన్నాడు. తీరా కాగితాల దగ్గర కూర్చున్నాక ఆయన లెక్క 484 గజాలు, నా లెక్క అంతకు ఒకటిన్నర రెట్లకు పైనే. తెలంగాణలో నలభై గుంటలు ఎకరం. ఒడిశాలో ఇరవై అయిదు గుంటలే ఎకరం. నేను ఎక్కువ ఇస్తున్నాను కాబట్టి గొడవ ఉండకూడదు కదా! అయినా ఉంది. "బావగారూ, ముందు చెప్పిందొకటి, ఇప్పుడు రాసేదొకటి. రేపు తగ్గిస్తే?" అని ఆయన అనుమానం. ఇంత ఇస్తానని నేనెప్పుడన్నానని నాకే అనుమానం. రాత్రి పదింటిదాకా సాగింది. చివరికి మా ఆవిడ కాఫీలు తెచ్చి, "సెంట్లలో చెప్పుకోండి, పడుకుందాం" అంది. ఆంధ్రలో సెంటు, ఒడిశాలో డిసిమిల్. పేర్లు రెండు, కొలత ఒకటే, ఎకరంలో నూరో వంతు. పదహారు డిసిమిళ్ళని రాసుకుని లేచాం. సెంటుకూ డిసిమిల్‌కూ మధ్య ఈ సరిహద్దులో తగువు వచ్చినట్టు నేను వినలేదు. గుంట దగ్గరే వస్తుంది.

అందుకని ఆ కొత్త ప్రతిపాదన చేసేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మార్చి తీరాలంటే 1957లో మనవాళ్ళు చేసినట్టు ముందొక 'నయా' తగిలించండి, ఏడేళ్ళు ఆగండి. వాళ్ళు నా మాట వినరనుకోండి. మీరు వినొచ్చు కదా.

డిజిటల్ రూపాయి విషయంలో రిజర్వు బ్యాంకు ఈ బాధ పెట్టలేదు. 2022 డిసెంబరు 1న మామూలు జనానికి ప్రయోగంగా మొదలుపెట్టిన మొదటి నాలుగు నగరాల్లో మా రాష్ట్రం భువనేశ్వర్ కూడా ఉంది. నోట్లూ నాణేలూ ఏ విలువల్లో ఉన్నాయో అదీ ఆ విలువల్లోనే ఇస్తామన్నారు. కొత్త పేరు పెట్టలేదు. భువనేశ్వర్లో ఉన్న మా చెల్లెలి మనవడు ఫోను తీసి చూపిస్తే నేను నోరు విప్పి ప్రశ్న అడగాల్సిన పని రాలేదు. రూపాయి రూపాయే.

ఇంతకీ సున్నాలా, సతోషీలా అన్నది చాదస్తం కాదనడానికి ఇంకో సంగతి చెప్పాలి. కిందటి వేసవిలో మా వీధికి ఒక మనిషి రంగుల కాగితాలు పట్టుకొచ్చాడు. ఏదో కాయిన్ అట. పేరు రాయను, రాస్తే దానికి ప్రచారం. "బిట్‌కాయిన్ ఒక్కటి 85 లక్షలు, మీరు కొనలేరు. ఇది పది పైసలే. వెయ్యి రూపాయలకు పది వేల కాయిన్లు! రూపాయికి పెరిగితే పదింతలు." మా వీధిలో ముగ్గురు కట్టారు. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు. ఒకాయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. వాళ్ళను పడగొట్టింది 'ఒక్కటి కూడా కొనలేరు, పది వేలు కొనగలరు' అన్న మాట. అప్పటికే పేపర్లు సతోషీల్లో రాస్తూ ఉంటే, "ఆ బిట్‌కాయిన్ ముక్క కూడా ఎనిమిదిన్నర పైసలే కదయ్యా, నీ పది పైసల దాని గొప్పేంటి?" అని ఎవరో ఒకరు అడిగేవారు. అడిగితే కట్టకపోయేవారని కాదు, ఆశ ఉన్నచోట లెక్క ఆగదు. కానీ ఆ మనిషి నోట్లోంచి ఒక ఆయుధం పోయేది. మాస్టారు ఇప్పుడు మా కొట్టు ముందు నుంచి వెళ్ళడం మానేసి వెనక సందులోంచి వెళ్తున్నాడు. నేనేమీ అనలేదు, అనను కూడా. ఆయన సిగ్గు ఆయనది.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది. నిండు బిట్‌కాయిన్లు ఉంటేనే బిట్‌కాయిన్ అని రాయండి. అంతకు లోపల అయితే సతోషీల్లో రాయండి. '0.00045 బిట్‌కాయిన్' బదులు '45,000 సతోషీలు, ఆ రోజు ధరకు సుమారు 3,825 రూపాయలు' అని. రూపాయల విలువ పక్కన లేకుండా మాత్రం వద్దు, మా టైలరు లక్షాధికారి అయిపోతాడు. కుప్ప పేరు కావాలన్నాను కదా, మనకు అవి ఎప్పట్నుంచో ఉన్నాయి. వంద, వెయ్యి, లక్ష, కోటి. ఒక బిట్‌కాయిన్ సరిగ్గా పది కోట్ల సతోషీలు కావడం ఇంగ్లీషువాళ్ళకు తిక్కగా ఉంటుంది, హండ్రెడ్ మిలియన్ అని నోరు తిరగాలి. మనకు తేలిక. పైన చెప్పిన ధరకు లక్ష సతోషీలు ఎనిమిదిన్నర వేలు, కోటి సతోషీలు ఎనిమిదిన్నర లక్షలు. పావలా 25 దగ్గర కుదిరినట్టు కుదిరింది. మొత్తం ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షల బిట్‌కాయిన్లకు మించవు కాబట్టి సతోషీలన్నీ కలిపినా 21 కోట్ల కోట్లు దాటవు. అంత పెద్ద అంకె ఎవరూ రాయనక్కర్లేదు. కామాలు కూడా మన పద్ధతిలో పెట్టండి. మొన్న ఒకే వార్తలో ఒకచోట 100,000 అని, ఇంకోచోట 1,00,000 అని వేశారు. పక్కింటి కుర్రాడు రెండూ వేరనుకున్నాడు.

ఇంకో మనవి. దీనికి తెలుగు పేరు కనిపెడదామని మీ ఆఫీసులో ఎవరికైనా ఉత్సాహం పుడితే దయచేసి ఆపండి. 'సూక్ష్మనాణ్యం', 'అంకాంశం' లాంటివి వస్తాయని నా భయం. గిడుగు రామమూర్తి పంతులు గారు పిల్లలకు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడని మాట పుస్తకంలోనే ఉండిపోతుందని ఆయన ఈ వీధుల్లో ఉండే వాదించారు. నాకు మాత్రం కాసు అన్న మాట మీద మనసు ఉంది, దాచుకోను. చిన్న నాణెం, పాత పేరు, 'కాసులు లేవు' అంటే ఇప్పటికీ అందరికీ తెలుసు. కానీ మీ ఆంధ్ర వైపు బంగారం కొట్లో కాసు అంటే ఎనిమిది గ్రాములు. గుంట గొడవ చెప్పినవాణ్ణి మళ్ళీ అదే తప్పు నేను చెయ్యకూడదు కదా. అందుకని కాసును వదిలేశాను.

స్పెల్లింగు మాత్రం ఒకటి పెట్టుకోండి. మీ పత్రికలో సటోషి, సాతోషి, సతోషీ మూడూ చూశాను. ఏదైనా ఒకటే వెయ్యండి. సంతోషి అని రాయమని అడగను, అది మా బజారు మాట.

నిన్న పొద్దున టైలరు వచ్చి అడిగాడు, ఇవాళ టీకి ఎన్ని అని. మీ పేపరు ఇంకా రాలేదు, చూసి చెబుతానన్నాను. పేపరు తొమ్మిదిన్నరకు వచ్చింది. మళ్ళీ అవే సున్నాలు. పెన్సిలు తీసుకున్నాను.

ఇట్లు,
ఒక పాత కిరాణా వర్తకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా.
(పేరు వెయ్యవద్దని మనవి. మాస్టారికి తెలిస్తే బాగుండదు.)